బక్కమనిషికీ నడుము కొలవాలి

గుండెపోటు డబ్బున్నవాళ్ళకీ, లావుపాటివాళ్ళకీ వచ్చే జబ్బేననీ, చేలో పనిచేసే బక్కమనిషి జోలికి రాదనీ మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు అనే ఉంటారు. మాచర్లలో అడిగినా, గురజాలలో అడిగినా, నరసరావుపేటలో అడిగినా ఈ మాట వినబడుతుంది. ఈ ధీమా ఇక చెల్లదు. ఆ సంగతి పెద్దలకు చెప్పవలసింది సైన్సు చదువుకొంటున్న మీరే అని నా అభిప్రాయం. ఎందుకో చూడండి.

ఐదు లోపాలున్నాయి. నడుము చుట్టుకొలత పెరగడం, రక్తపుపోటు పెరగడం, పరగడుపున రక్తంలో చక్కెర ఎక్కువగా ఉండటం, ట్రైగ్లిసరైడ్లనే కొవ్వులు పెరగడం, మేలుచేసే హెచ్.డి.ఎల్. కొలెస్టరాల్ తగ్గడం. వీటిలో ఏ మూడు ఒకే మనిషిలో చేరినా డాక్టర్లు దాన్ని 'మెటబాలిక్ సిండ్రోమ్' అంటారు. అది ఉన్నవాళ్ళకు గుండెపోటు ముప్పు మిగతావాళ్ళకంటే సుమారు రెట్టింపు.

ఈ ఐదింటికీ చుట్టరికం ఏమిటి? మనం తిన్న అన్నం గ్లూకోజుగా మారి రక్తంలో చేరుతుంది. దాన్ని కండరాలలోకి పంపే తాళంచెవి క్లోమంలో తయారయ్యే ఇన్సులిన్. పొట్టలోపల, కాలేయంలో కొవ్వు పేరుకొంటే ఆ తాళంచెవి సరిగా తిరగదు. కాలేయం ట్రైగ్లిసరైడ్లను ఎక్కువగా వదులుతుంది. హెచ్.డి.ఎల్. తగ్గుతుంది. రక్తపుపోటూ పెరుగుతుంది. ఇవి విడివిడి జబ్బులు కావనీ, మూలం ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడమేననీ 1988లో అమెరికా వైద్యశాస్త్రజ్ఞుడు జెరాల్డ్ రీవెన్ వాదించాడు.

గుండె కండరానికి రక్తం తెచ్చేవి కరోనరీ ధమనులు. సాగర్ కాలువ అడుగున ఒండ్రు చేరినట్టు వీటిలో కొవ్వు చేరుతుందని చాలామంది అనుకొంటారు. నిజానికి అది ధమని గోడలోకే దూరి, అక్కడ వాపు పుట్టించి పెరుగుతుంది. ఏళ్ళ తరబడి నొప్పే తెలియకపోవచ్చు. ఒకనాడు పైపొర చిట్లితే, అక్కడ రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. రక్తం అందని కండరం చచ్చిపోవడం మొదలవుతుంది. అదే గుండెపోటు.

'బక్కగా ఉన్నవాడికి కొవ్వెక్కడిది?' అని మీరు అడగవచ్చు. పుణేకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండనుకు చెందిన డాక్టర్ యడ్కిన్ తమనే కొలుచుకొని 2004లో ఆ ఫలితం ప్రకటించారు. ఎత్తుకు తగిన బరువును చెప్పే సూచిక ఇద్దరికీ ఒక్కటే, 22.3. కానీ ఒంట్లో కొవ్వు యడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! తూకం చూసి మోసపోకూడదని దీనివల్ల తెలియడంలేదా?

పల్లెల సంగతి? గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2003-04లో మరణాల కారణాలను పరిశీలించారు. నూటికి 32 మరణాలు గుండె, రక్తనాళాల జబ్బులవల్లనే.

పల్నాటివారికి జొన్నకూడే గతి అని శ్రీనాథుడు విసుక్కొన్నట్టు చాటువు ఒకటి ప్రచారంలో ఉంది. 1967లో సాగర్ నీళ్ళు వదిలాక వరి అన్నం మన నిత్య భోజనమైంది. అది తప్పు కాదు. ఆ నీళ్ళు మన అదృష్టం. తర్వాత ట్రాక్టర్లు, మోటారుసైకిళ్ళు వచ్చి ఒంటిపని తగ్గింది. పళ్ళెంలో అన్నం మాత్రం తగ్గలేదు. చిక్కంతా అక్కడే ఉంది.

దర్జీవాళ్ళ టేపు ఒకటి తీసుకోండి. ఇంట్లో పెద్దల నడుము కొలవండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ, గాలి వదిలాక కొలవాలి. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే ప్రభుత్వ ఆసుపత్రిలో రక్తపుపోటు, చక్కెర చూపించుకోమనండి. ఎదిగే వయసులో ఉన్న మీకు ఈ అంకెలు వర్తించవు.

మీకు కావలసింది రోజూ గంటసేపు ఆట. పనిచేసే కండరం ఇన్సులిన్ ఎక్కువ లేకున్నా గ్లూకోజును లాక్కోగలదు. పరీక్షల పేరుతో ఆటల పీరియడును లెక్కల పీరియడు చేస్తుంటే, ఈ ఒక్క కారణం చెప్పి మీ మాస్టార్లను వినయంగా అడగండి. మార్కులతోపాటు గుండె కూడా మీకు జీవితాంతం కావాలి కదా!