చిట్టెలుక మ్యాపు, మన మేనరికం

చిట్టెలుక క్రోమోజోముల మీద పరిశోధన అంటే మా సీఎస్ఈ బ్రాంచిలో నవ్వుతారు. "దాంతో మనకేం పని?" అంటారు. నేనైతే, మేనరికాలు జరిగే మన సిక్కోలు, విజయనగరం ఇళ్లలోనే ఆ మ్యాపు ముందు చదవాలంటాను.

జీన్ మ్యాపింగ్ అంటే పెద్ద ఫైల్‌లో ఒక లైన్ ఎక్కడుందో వెతకడమే. ఒకప్పుడు ఆ ఫైల్ ఓపెన్ అయ్యేది కాదు. అందుకని ఎలుకల్ని జతకట్టించి, ఏ రెండు లక్షణాలు పిల్లల్లో కలిసి వస్తున్నాయో లెక్కపెట్టేవారు. తరచుగా కలిసి వస్తుంటే ఆ రెండు జీన్లూ ఒకే క్రోమోజోము మీద దగ్గరగా ఉన్నట్టు. చిట్టెలుకల్లో దీన్ని 1915లో హాల్డేన్ బృందం చూపించింది.

1976లో అమెరికాలోని జాక్సన్ ల్యాబ్ వాళ్లు 'లిటిల్' అనే పొట్టి చిట్టెలుకల లోపం 6వ క్రోమోజోము మీద ఉందని తేల్చారు. గ్రోత్ హార్మోన్ విడుదల చెయ్యమని మెదడు పంపే సిగ్నల్‌ని పిట్యూటరీ గ్రంథిలో అందుకునే రిసెప్టర్ జీన్ కూడా అక్కడే ఉందని 1993లో బయటపడింది. ఆ ప్రొటీన్‌లో 60వ అమైనో ఆమ్లం ఒక్కటి మారింది, అంతే. సిగ్నల్ వస్తోంది, అందుకునే దిక్కు లేదు. 1996లో ఇదే జీన్‌లో లోపం ఒక భారతీయ కుటుంబంలో దొరికింది. మనుషుల్లో ఆ జీన్ 7వ క్రోమోజోము మీద ఉంటుంది. ఆ ఇంట్లో దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లు ఉన్నాయి.

ఇలాంటి లోపం బయటపడాలంటే అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండూ చెడిన కాపీలే రావాలి. బావామరదళ్ల జీన్లలో సగటున ఎనిమిదో వంతు ఒకే తాత, అమ్మమ్మల నుంచి వచ్చినవే. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు, ఆ హాల్డేన్ శిష్యుడే, 1960ల మొదట్లోనే ఆంధ్రాలో ఇలాంటి పెళ్లిళ్ల మీద పరిశోధన ప్రచురించారు.

ఇప్పుడు మా అక్కకి మేనబావ సంబంధం మాట్లాడుతున్నారు. అమ్మమ్మ "మన రగతమే కదా, ఏటవుద్ది?" అంటుంది. ఫ్రెండ్స్ "చదువుకుని కూడా ఇదేంట్రా?" అంటారు. ఇద్దరూ లెక్క చూడలేదు. మామూలుగా 100 మంది పిల్లల్లో సుమారు 3 మందికి ఏదో ఒక పుట్టుక లోపం ఉంటుంది. బావామరదళ్ల పెళ్లిళ్లలో అది 5, 6 దాకా వెళ్తుంది. మేనమామని చేసుకుంటే ప్రమాదం ఇంకా ఎక్కువ. ఏమీ కాదనడమూ తప్పే, అంతా అయిపోతుందనడమూ తప్పే.

కట్నం, పొలం, నక్షత్రం గురించి గంటలు మాట్లాడే పెద్దలు ఇంకో పది నిమిషాలు కూర్చోలేరా? రెండు వైపులా పసితనంలోనే పోయినవాళ్లు, పుట్టుకతో వినపడనివాళ్లు, ఎదగనివాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడగాలి. ఉంటే ముహూర్తానికి ముందే జెనెటిక్స్ డాక్టర్ని కలవాలి. ఆ సలహా జిల్లా ఆసుపత్రిలోనే దొరకాలి.

బిడ్డ ఎదక్కపోతే మనవాళ్లు కోడలి తిండినీ, జాతకాన్నీ తిడతారు. రెండు కాపీలు కలిస్తేనే వచ్చే లోపానికి తల్లి ఒక్కతే ఎలా బాధ్యురాలు? పైగా ఈ లోపానికి గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్లు పనిచేస్తాయి, చిన్న వయసులోనే కనిపెడితే. తిట్టుకుంటూ గడిపిన ఏళ్లలో ఆ పిల్ల ఎదిగే వయసు దాటిపోతుంది.