అపరిమితానికి హద్దెంత?

ముప్ఫై అయిదేళ్లు తెలుగు పంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మా బాబాయిగారు మొన్నామధ్య ఇంటర్నెట్ బిల్లు పట్టుకుని వచ్చారు. "అన్‌లిమిటెడ్ అని రాసి ఉంది కదరా, మరి ఇరవయ్యో తారీఖు దాటగానే నత్తనడక నడుస్తోందేం?" అన్నారు. అంతకుముందే కంపెనీకి ఫోను చేశారట. "ఎఫ్‌యూపీ అయిపోయిందండీ" అన్నాడట అవతలి కుర్రవాడు. అదేమిటో మళ్ళీ అడగడానికి ఆయనకు మొహమాటం అడ్డొచ్చింది. "నా చదువు చాలలేదురా" అన్నారు చివరికి.

ఆ మాటే నా చేత ఈ నాలుగు ముక్కలు రాయిస్తోంది. చాలనిది ఆయన చదువు కాదు, అమ్మినవారి నిజాయితీ.

ఎఫ్‌యూపీ అంటే ఫెయిర్ యూసేజ్ పాలసీ. నెలకు ఇంత డేటా దాటితే వేగం తగ్గిస్తామని దాని తాత్పర్యం. అంటే అపరిమితానికి ఒక పరిమితి, ఆ పరిమితికి న్యాయమని పేరు! "ఇల్లంతా మీదే, ఇరవయ్యో తారీఖు తరువాత మాత్రం వసారాలో పడుకోండి" అనే ఇంటివారికి మనం అద్దె కడతామా?

ఇక ఎంబీపీఎస్. ఇంగ్లీషులో చిన్న బి అయితే బిట్టు, పెద్ద బి అయితే బైటు. బైటుకు ఎనిమిది బిట్లు. వేగాన్ని బిట్లలో అమ్ముతారు, సినిమాలు ఎంత పెద్దవో బైట్లలో చెబుతారు. 100 మెగాబిట్ల వేగంలో 700 మెగాబైట్ల సినిమా దిగడానికి ఏడు సెకన్లు కాదు, ఎంత లేదన్నా 56 సెకన్లు పడుతుంది. మన లిపిలో చిన్నబడి, పెద్దబడి అక్షరాలు లేవు. ఎంబీ అని రాస్తే రెండూ ఒక్కటే అయిపోతాయి. కనుక తెలుగులో రాసేవారు మెగాబిట్టు, మెగాబైటు అని పూర్తిగా రాయాలి. ఇది భాషాభిమానం కాదు, లెక్క.

కేబులు బిల్లు సంగతీ ఇంతే. 2019 ఫిబ్రవరిలో ట్రాయ్ కొత్త విధానం అమలులోకి వచ్చినప్పుడు, చూసే ఛానళ్లకే డబ్బు కట్టవచ్చునని ఊరించారు. తీరా చూస్తే బిల్లులో ఎన్‌సీఎఫ్ అని ఒక పద్దు. 100 ఛానళ్ల దాకా గరిష్ఠంగా 130 రూపాయలు, పన్నుతో కలిపి 153 రూపాయల 40 పైసలు. పే ఛానల్ ఒక్కటీ కోరుకోకపోయినా అది కట్టవలసిందే. 2020లో అదే డబ్బుకు 200 ఛానళ్లన్నారు. 2024లో ఆ గరిష్ఠ పరిమితినే ఎత్తివేశారు. దానిని 'తీగ అద్దె' అని ఉంటే ప్రతి ఇంట్లోనూ అర్థమయ్యేది. అర్థమైతే, ఆ అద్దెకు హద్దు ఎందుకు తీసేశారని అడిగేవారూ ఉండేవారు. మూడు పొడి అక్షరాలను ఎవరు నిలదీస్తారు?

"సాంకేతిక పదాలు అంతర్జాతీయం, వాటిని అనువదిస్తే నవ్వులపాలవుతాం" అనే మిత్రులున్నారు. పదాన్ని మార్చమని నేను అడగడం లేదు, అర్థం చెప్పమంటున్నాను. అటువైపు, ప్రతి మాటకూ ఒక సంస్కృత సమాసం అతికిస్తే పని అయిపోయిందనుకునే మిత్రులకూ ఒక మనవి. బ్రాడ్‌బాండ్ అనిపించుకోవడానికి మన దేశంలో 2004లో సెకనుకు 256 కిలోబిట్లు చాలు. 2013లో అది 512 అయింది. 2023లో 2 మెగాబిట్లయింది. మాట అదే, లోపలి అంకె మారింది. ఏ సమాసం ఈ అంకెను చెబుతుంది?

మన భాషకు శక్తి లేదనకండి. ఫైబర్ తీగలో వెలుగు బయటికి పోకుండా ఎలా ప్రయాణిస్తుందో తెలుగు మాధ్యమం పిల్లలు 'సంపూర్ణాంతర పరావర్తనం' అని చదువుకున్నారు. ఫోనులో సిగ్నల్ లేకపోతే "టవర్ లేదు" అని పల్లె జనం ఎవరినీ అడగకుండానే మాట కట్టుకున్నారు. బడికీ చేతనయింది, పల్లెకూ చేతనయింది. బిల్లు వేసేవారికే చేతకాలేదా?

అడగవలసినవి నాలుగే: వేగమెంత, ఎంత వాడాక తగ్గుతుంది, ఎంతకు తగ్గుతుంది, ఏ రూపాయి దేనికి? ఈ నాలుగూ తెలుగులో, బిల్లు మీదే ఉండాలి. అంతదాకా మన ఇళ్లలోని పెద్దల బిల్లులు మనమే చదివి చెబుదాం. జీవితమంతా పదాలకు అర్థాలు చెప్పిన మనిషి చేత "నా చదువు చాలలేదు" అనిపించడం కన్నా మన భాషకు అవమానం ఏముంటుంది?