ఫీజులు వాళ్లకు, గ్రౌండ్ మాత్రం ఊరిదా?

పోస్టు పొడుగే ఉంటది, ఓపికతోని చివరిదాక చదవండి. చదివినంక మీ ఊరి గ్రౌండ్ సంగతి కింద రాయండి.

ఇబ్రహీంపట్నం అంటే చానమంది హైదరాబాద్ పక్కన రంగారెడ్డి జిల్లాల ఉన్నదే అనుకుంటరు. మేం చెప్పేది జగిత్యాల జిల్లాది, మెట్‌పల్లి దిక్కు, ఎర్దండి కాడ గోదావరి పారే మండలం. ఈ చుట్టుపక్కల తండాలు, నాయకపోడ్ వాడల నుంచి వచ్చి హాస్టల్ల ఉండి డిగ్రీ చదువుతున్నోళ్లం మేము. మా ఇండ్లల్ల కాలేజీ గడప తొక్కిన మొదటోళ్లం మేమే. మాకు ఆస్తి అంటే రెండే. ఒకటి సర్టిఫికెట్, రెండు ఒంట్ల ఉన్న సత్తువ. ఆ సత్తువను పదును పెట్టుకునే జాగనే ఇప్పుడు చేయి జారిపోతున్నది. అందుకే ఈ పోస్టు.

మా దిక్కు జరుగుతున్నది ఇది. రెండంతస్తుల బిల్డింగ్ కిరాయికి తీసుకుని ప్రైవేటు బడి పెడతరు. ముందట బస్సు తిప్పే జాగ కూడ ఉండదు. మొదటి ఏడు ఊరి పెద్దమనుషులను మంచిగ అడిగి, ఆటల పీరియడ్‌కు పిల్లలను ఊరి గ్రౌండ్‌కు తోలుకొస్తరు. ఎవ్వరు కాదనరు, పిల్లలే కద. రెండో ఏడు బస్సులు అక్కడనే ఆగుతయి. మూడో ఏడు యాన్యువల్ డేకు టెంట్లు వేస్తరు, వారం రోజులు గుంజలు పీకరు. ఆ తర్వాత ఒక మూలకు బడి పేరుతోని బోర్డు లేస్తది, గేటుకు తాళం పడ్తది. పొద్దుగాల ఉరుకుదామని పోతే వాచ్‌మన్ "ఎవరు మీరు?" అని మనల్నే అడుగుతడు. ముందు వాళ్లు అడుగుతరు, తర్వాత అలవాటైతది, ఆఖరుకు మనమే అడగాల్సి వస్తది.

ఊరి పేరు, బడి పేరు రాస్తలేం. ఒక్క పేరు రాస్తే ముచ్చట ఆ ఒక్కని మీద కొట్లాట అయిపోతది. మేం అడుగుతున్నది ఒక అలవాటును. సిరిసిల్ల, కోరుట్ల దిక్కు దోస్తులు కూడ ఇదే కత చెప్తున్నరు.

ఇండ్ల జాగ ఉన్నోనికి, బైకు ఉన్నోనికి గ్రౌండ్ పోతే ఇంకో గ్రౌండ్ దొరుకుతది. మనకు దొరకదు. కానిస్టేబుల్ ఈవెంట్స్ లెక్క చూడండి. 2022 నోటిఫికేషన్ల మొగోళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లల్ల ఉరకాలె, లాంగ్ జంప్ 4 మీటర్లు దుంకాలె, 7.26 కిలోల గుండు 6 మీటర్లు విసరాలె. ఆడపిల్లలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లల్ల అయిపోవాలె, లాంగ్ జంప్ 2.5 మీటర్లు. అగ్నివీర్‌కు పోతే 1.6 కిలోమీటర్లు ఐదున్నర నిమిషాలల్ల కొడితేనే పూర్తి మార్కులు. ఇవి పుస్తకం చదివితే రావు. నెలల తరబడి రోజు పొద్దుగాల, సాయంత్రం మట్టి మీద ఉరుకుతేనే వస్తయి. పైసలున్నోడు కరీంనగర్ల, హైదరాబాద్ల కోచింగ్‌కు పోతడు. మనకు ఊరి గ్రౌండే కోచింగ్ సెంటర్. దానికి తాళం వేస్తే యాడ ఉరకాలె? 63 నంబర్ హైవే మీద లారీల నడుమనా? చెల్లెండ్ల సంగతి ఇంకా కష్టం. నలుగురు కనవడే గ్రౌండ్ల అయితే అమ్మానాయిన పంపుతరు. చీకట్ల రోడ్డు మీద ఉరుకుతమంటే ఏ తల్లి పంపుతది?

తండా పిల్లలకు ఆటలెందుకు అనేటోళ్లకు రెండు పేర్లు చెప్పండి. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ, సర్కారు గురుకులంల చదువుకుంట 2014 మే 25న 13 ఏండ్లకే ఎవరెస్ట్ ఎక్కింది. అదే జిల్లా కిసాన్‌నగర్ తండా పిల్ల గుగులోత్ సౌమ్య, ఇండియా ఫుట్‌బాల్ టీంల ఆడింది, క్రొయేషియాల డైనమో జాగ్రెబ్ క్లబ్ దాక పోయింది. సత్తువకు కొదువ లేదు, జాగనే కావాలె.

ఇగ చట్టం ముచ్చట. 2009 విద్యాహక్కు చట్టంల 19వ సెక్షన్, దాని కింద షెడ్యూల్ ఉన్నది. బడికి ఏమేం ఉండాలెనో అండ్ల రాసి ఉన్నది. క్లాసురూంలు, మంచినీళ్లు, ఆడపిల్లలకు వేరే టాయిలెట్లు, వంటగది, ఆట స్థలం, చుట్టు గోడ. అంటే గ్రౌండ్ అనేది బడి పెట్టేటోడు తెచ్చుకోవాల్సిన సామాను. బ్లాక్ బోర్డు ఊరోళ్లు కొనిస్తరా? బెంచీలు పంచాయితీ ఇస్తదా? మరి గ్రౌండ్ ఒక్కటి ఊరి మీద ఎందుకు పడాలె? ఇయ్యాల రోడ్డు పక్కన ఎకరం ధర ఎంతనో మీకు తెల్సు. ఆ ధర తప్పించుకునేతందుకే ఊరి జాగ వాడుకుంటున్నరు. లెక్క తిప్పి చూస్తే, కూలి చేసుకునే తండా ఒక బడి యజమానికి ఊకెనే పెట్టుబడి పెడుతున్నట్టు.

అదే చట్టంల 12(1)(సి) కింద ప్రైవేటు బడులు 25 శాతం సీట్లు పేద పిల్లలకు, బలహీన వర్గాల పిల్లలకు ఇయ్యాలె. తెలంగాణల అది ఏండ్ల తరబడి అమలుకు రాలే. మన పిల్లలకు వాళ్ల క్లాసురూంల జాగ లేదు గని, వాళ్ల బడికి మన గ్రౌండ్ల జాగ కావాలె. ఇది యాడి న్యాయం?

ఊరి గ్రౌండ్ ఎవరి కోసమో సర్కారే చెప్పింది. 2022 జూన్ 2 నుంచి ఊరూర తెలంగాణ క్రీడా ప్రాంగణాలని పెట్టిండ్రు. వాలీబాల్, ఖోఖో, కబడ్డీ కోర్టులు, లాంగ్ జంప్ గుంత, కసరత్తు కడ్డీలు. అవి ఊరి యువత ఆడుకునేతందుకే. బోర్డు ఉండి జాగ సరిగ లేని ఊర్లు ఎన్నో మీకు తెల్సు. ఉన్న జాగ కూడ బడి పాలైతే ఇగ మిగిలేది ఆ బోర్డే.

ఇది మన దగ్గరనే జరుగుతున్నదని అనుకోకండి. అమెరికాల న్యూయార్క్ నగరంల రాండల్స్ ఐలాండ్ అని పెద్ద ఆటల జాగ ఉన్నది. 2007ల నగర పాలకులు 20 ప్రైవేటు బడులతోని ఒప్పందం చేసుకున్నరు. 20 ఏండ్ల పాటు, బడి విడిచిన తర్వాత గంటలల్ల, ఎక్కువ గ్రౌండ్లు ఆ బడులకే. బదులుగ అవి కోట్ల డాలర్లు ఇస్తయి. పక్కన ఉన్న ఈస్ట్ హార్లెం, సౌత్ బ్రాంక్స్ బస్తీలల్ల ఉండేది పేద నల్లజాతోళ్లు, లాటినో కుటుంబాలు. "మా పిల్లలు ఆడుకునే టైంల మా గ్రౌండ్ అమ్ముతరా?" అని వాళ్లు కోర్టుకు పోయిండ్రు. 2008ల కోర్టు దాన్ని ఆపింది. కారణం మంచిగ గుర్తుపెట్టుకోండి. జనం ముందట పెట్టి చర్చ చేయాల్సిన పద్ధతిని దాటేసి ఒప్పందం చేసుకున్నరని ఆపింది. పైసలు ఇస్తమన్న కాడనే గట్లయితే, మన దగ్గర పైస కూడ ఇయ్యకుంట నోటి మాట మీద నడుస్తున్నది.

మన దేశంల కూడ తీర్పులు ఉన్నయి. బెంగళూరుల పార్కు కోసం విడిచిన జాగను ప్రైవేటు నర్సింగ్ హోంకు ఇస్తే కాలనీ జనం కొట్లాడిండ్రు, 1991ల సుప్రీంకోర్టు వాళ్ల దిక్కే నిలవడ్డది. దవాఖాన మంచిదే గని, జనం జాగను ప్రైవేటుకు రాసిచ్చే హక్కు అధికారులకు లేదన్నది. 2023 మార్చిల హర్యానా కేసుల, బడి ఆట స్థలాన్ని ఆక్రమించుకున్నోళ్లకు ధర కట్టిస్తే చాలన్న హైకోర్టు తీర్పును సుప్రీంకోర్టు కొట్టేసింది. గ్రౌండ్ లేకుంట బడి ఉండొద్దని సాఫ్‌గ చెప్పింది. ఈ మాట మనకు రెండు దిక్కుల పనికొస్తది. ప్రైవేటు బడికి సొంత గ్రౌండ్ ఉండాలె, సర్కారు బడి గ్రౌండ్ సర్కారు బడి పిల్లలకే మిగలాలె.

ఇగ వాళ్ల దిక్కు నుంచి వచ్చే మాటలకు జవాబు చెప్పుకుందాం.

"వాళ్లు కూడ మన ఊరి పిల్లలే కద?" నిజమే. మన తండాల నుంచే అప్పు చేసి ఫీజు కట్టే అమ్మానాయినలు ఉన్నరు. ఆ పిల్లల మీద మాకు కోపం లేదు. సాయంత్రం వచ్చి మాతోని కబడ్డీ ఆడితే సంబురమే. కానీ ఆ ఫీజుల గ్రౌండ్ ఖర్చు కూడ ఉన్నది. గ్రౌండ్ చూపకుంట ఫీజు తీసుకుంటే మోసపోతున్నది ఆ అమ్మానాయినలే.

"పగటిపూట ఖాళీగనే ఉంటది కద?" ఖాళీ ఉన్నది అంటే దిక్కులేనిది అని కాదు. చెర్వు ఎండకాలం ఖాళీ ఉంటది, పట్టా చేసిస్తమా? బస్సులు తిరిగితే ట్రాక్ గుంతలు పడ్తది. పొద్దుగాల ఆ గుంతల కాలు మడతపడేది ఈవెంట్స్‌కు ఉరికేటోనిది.

"మొరం పోసి సాఫ్ చేయించిండ్రు కద?" 2011 జనవరిల జగ్‌పాల్ సింగ్ కేసుల సుప్రీంకోర్టు ఊరి ఉమ్మడి జాగల గురించి తీర్పు ఇచ్చింది. ఎన్నేండ్ల నుంచి ఉన్నా, ఎంత ఖర్చు పెట్టినా, ఎంత పెద్ద లీడర్ అండ ఉన్నా ఆక్రమణ ఆక్రమణే అన్నది. మొరం పోసినోనికి దండం పెడదాం, జాగ మాత్రం రాసియ్యం.

"టోర్నమెంట్‌కు కప్పులు, టీషర్టులు ఇచ్చిండ్రు కద?" ఇది మన పోరగాండ్లకే చెప్తున్నం. ఏడాదికి ఒక్కసారి టీషర్టు తీసుకుని ఏడాదంత నోరు మూసుకునుడు మంచి బేరం కాదు తమ్మీ. ఆ టీషర్టు మీద ఉండేది కూడ వాళ్ల బడి పేరే.

ఇంకో సంగతి మన గ్రూపుల అందరికి తెల్వాలె. భూమి ముచ్చట వస్తే "మనకు పెసా ఉన్నది, 1/70 ఉన్నది" అంటరు. అవి షెడ్యూల్డ్ ఏరియాల నడుస్తయి. మన ఇబ్రహీంపట్నం, మెట్‌పల్లి, కోరుట్ల దిక్కు షెడ్యూల్డ్ ఏరియా కాదు. మనం మైదాన ప్రాంత గిరిజనులం. ఆ రక్షణ మనకు లేదు. హైదరాబాద్ల పార్కులు, గ్రౌండ్లు కాపాడుతమని 2024ల హైడ్రా పెట్టిండ్రు, అది ఔటర్ రింగ్ రోడ్డు దాటి మన దాక రాదు. మన చేతుల ఉన్నది గ్రామసభ. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి పెట్టాలె. 2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేండ్లు సర్పంచులే లేరు, స్పెషల్ ఆఫీసర్ల పాలన నడిచింది. ఆ టైంల అడిగేటోడు లేక ఎన్ని నోటి ఒప్పందాలు అయినయో. 2025 డిసెంబర్ల ఎన్నికలు అయినయి, కొత్త పాలకవర్గాలు వచ్చినయి. ఇప్పుడు అడగకుంటే ఇంకెప్పుడు అడుగుతం?

మేం చేద్దామనుకుంటున్నవి ఇవి. మీ ఊర్లల్ల కూడ చేయండి.

1. ముందు సర్వే నంబరు, గ్రౌండ్ ఎన్ని గుంటలు ఉన్నదో పంచాయితీల కాగితం తీసుకోవాలె. ఆర్టీఐ అర్జీకి ఊరి స్థాయిల ఫీజు లేదు, మండలంల 5 రూపాయలు, జిల్లాల 10 రూపాయలు. 30 రోజులల్ల జవాబు ఇయ్యాలె.

2. ఎంఈఓ, డీఈఓ ఆఫీసులల్ల ఇంకో అర్జీ పెట్టాలె. ఫలానా బడి గుర్తింపు కోసం ఆట స్థలం అని ఏ జాగ చూపింది? ఆ కాగితం నకలు కావాలె. చూపింది ఊరి గ్రౌండే అయితే, ఏ తీర్మానం మీద చూపింది?

3. గ్రామసభల తీర్మానం పెట్టించాలె. గేటు తాళం ఉండొద్దు, బస్సులు ఆగొద్దు, బడి బోర్డు ఉండొద్దు. సొంత గ్రౌండ్ చేసుకునే దాక బడి వాడుకోవాలంటే టైం రాసి ఉండాలె, పంచాయితీకి పైసలు కట్టాలె, రసీదు ఉండాలె. ఆ పైసలు గ్రౌండ్ మీదనే పెట్టాలె. పొద్దుగాల 8 దాక, సాయంత్రం 4 తర్వాత గ్రౌండ్ ఊరి పిల్లలది.

4. గ్రామసభల మాట నడవకుంటే సోమవారం కలెక్టరేట్ ప్రజావాణికి పదిమందిమి కలిసి పోవాలె. ఆడపిల్లలను ముందట నిలబెట్టాలె, ఎక్కువ నష్టం వాళ్లకే.

5. కొట్లాట, తిట్లు, బస్సు అద్దాలు పలగొట్టుడు అసలే వద్దు. ఒక్క కేసు అయితే కానిస్టేబుల్ ఉద్యోగం కాడ వెరిఫికేషన్ల పోతం. వాళ్లకు కావాల్సింది గదే.

బడి వద్దని మేం అంటలేం. మా తమ్ముండ్లు, చెల్లెండ్లు ఇంగ్లీష్ మీడియం చదవాలనే మాకూ ఉన్నది. బడి నడిపేటోళ్లను అడిగేది ఒక్కటే: ఫీజు తీసుకుంటున్నరు కద, గ్రౌండ్ కూడ మీరే చూసుకోండి. మా దగ్గరున్న ఒక్క ఎకరం మాకు ఉండనియ్యండి.

అన్నలారా, అక్కలారా, మీ ఊరు, మండలం, గ్రౌండ్ ఎన్ని గుంటలు, ఎవరు వాడుతున్నరు, ఈ నాలుగు ముచ్చట్లు కింద రాయండి. బడి పేరు, మనుషుల పేర్లు రాయకండి. ఆర్టీఐ అర్జీ నమూనా తెలుగుల రాసి పెడ్తం, ఎవరికి కావాల్నో చెప్పండి.

జై సేవాలాల్. జై భీమ్.