పట్టా మీద ఉండే పేరు ఎవరిది?

ఇంటర్ ఫలితాలు వెలువడగానే ఇబ్రహీంపట్నంలోని మన ఇళ్లలో ఒకటే చర్చ. అబ్బాయిని ఎక్కడ చేర్పించాలి? అమ్మాయిని పై చదువుకు పంపాలా, వద్దా? సాగర్ రోడ్డు పొడవునా ఇంజనీరింగ్ కళాశాలల బోర్డులు పిలుస్తుంటాయి. వాటి బస్సులు గల్లీ మలుపు దాకా వస్తాయి. సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని ఉస్మానియా మాత్రం చాలామందికి గుర్తుకే రాదు. వచ్చినా, 'అక్కడ ధర్నాలే తప్ప చదువెక్కడిది?' అని పెదవి విరుస్తారు. ప్రభుత్వ విశ్వవిద్యాలయం పేరు ఇంతగా ఎందుకు మసకబారింది?

ఒకప్పటి మాట వేరు. 1917లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానాతో ఏర్పడిన ఈ విద్యాలయం ఉన్నత విద్యను ఉర్దూలో బోధించి దేశానికి కొత్త దారి చూపింది. పాఠ్యగ్రంథాల అనువాదం కోసమే దారుల్ తర్జుమా వెలిసింది. అక్కడ ఉర్దూలో చదువుకున్న రజీయుద్దీన్ సిద్దీఖీ గణితం కోసం కేంబ్రిడ్జి వెళ్లారు, తిరిగి వచ్చి ఇక్కడే పాఠాలు చెప్పారు. ఆర్ట్స్ కళాశాల భవనం తెరచుకున్నది 1939లో. అంటే ఆ భవనానికి ముందే పేరు వచ్చింది. తెచ్చినవారు అక్కడి గురువులే.

నేటి లోటు కూడా అక్కడే ఉంది. శాశ్వత అధ్యాపకులు రిటైరవుతున్నా ఖాళీలు ఏళ్ల తరబడి నిండలేదు. కాంట్రాక్టు, పార్ట్‌టైం అధ్యాపకుల మీదే భారమంతా పడింది. నియామకాలకు ఉమ్మడి మండలి ఏర్పరచే బిల్లును 2022లో శాసనసభ ఆమోదించినా, గవర్నర్ సంతకానికి నోచుకోక నిలిచిపోయింది.

మా పిల్లలు ప్రైవేటులో చదువుతున్నారు కదా, మాకేమిటి అనుకుంటే పొరపాటు. గేటు మీద పేరు కళాశాలదే అయినా, మన ప్రాంతంలోని చాలా కళాశాలల విద్యార్థుల పట్టా మీద ఉండేది జెఎన్‌టియు పేరు. విశ్వవిద్యాలయం పరువు తగ్గితే ఆ పట్టా విలువా తగ్గుతుంది. అప్పు చేసి యాజమాన్య కోటా సీటు కొన్న తండ్రికీ ఆ నష్టం తప్పదు.

అమ్మాయిల విషయంలో దూరమే సాకు కారాదు. 1924లో మొదలైన కోఠి మహిళా కళాశాల 2022లో విశ్వవిద్యాలయమైంది, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరుతో నడుస్తోంది. ఉర్దూలో చదవదలచిన వారికి 1998లో స్థాపించిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం గచ్చిబౌలిలో ఉంది.

తల్లిదండ్రులకు మేము చెప్పేది ఇదే. ఆప్షన్లు పెట్టేటప్పుడు ప్రభుత్వ విశ్వవిద్యాలయ కళాశాలలను ముందు వరుసలో పెట్టండి. బి.సి.-ఇ కింద అర్హులైతే 4 శాతం రిజర్వేషన్ ధ్రువపత్రం ఇప్పుడే తీసుకోండి. ఏ కళాశాలకు వెళ్లినా భవనం చూసి మురిసిపోకుండా, పాఠం చెప్పేవారు ఎవరని అడగండి. ఓటు కోసం గడపకు వచ్చే నాయకుణ్ణి కూడా అదే అడగండి: విశ్వవిద్యాలయాల్లో ఖాళీలు ఎప్పుడు నింపుతారు? షాదీఖానా, ఖబరస్తాన్ ప్రహరీ అడిగే నోరు ఈ ప్రశ్న కూడా అడగాలి. పేదింటి బిడ్డ అప్పు లేకుండా పెద్ద చదువు చదవడానికి మిగిలిన దారి ఇదొక్కటే.