పైలట్ చదువుకు పొలం అమ్మేముందు

కొడుకును పైలట్ చేయాలని పొలం బేరం పెట్టే తండ్రి ముందు వాడికి వైద్య పరీక్ష చేయించాలి. రంగులు పోల్చలేని కంటి లోపం ఫీజు కట్టాక బయటపడితే చేసేదేమీ ఉండదు. ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్ ఉండాలన్నది అందరికీ తెలిసిందే.

కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు విమానం నడపాలి. అవి ఎన్నాళ్లలో పూర్తవుతాయన్నదే అసలు ప్రశ్న. స్కూలుకు ఎగిరే స్థితిలో విమానాలెన్ని, శిక్షకులెందరు, విద్యార్థులెందరు? విమానం రిపేరులో ఉన్నన్నాళ్లూ కుర్రవాడు హాస్టల్లో కూర్చుంటాడు, ఖర్చు ఆగదు. వెళ్లి పాత విద్యార్థులను అడగడం మేలు. పౌర విమానయాన డైరెక్టరేట్ 2025లో స్కూళ్లకు గ్రేడులు ప్రకటించడం మొదలుపెట్టింది, వాటినీ చూడవచ్చు. డబ్బు మొత్తం ముందే కట్టకుండా, ఎగిరిన గంటల లెక్కన వాయిదాలు అడగాలి.

లైసెన్సు చేతికొచ్చినా, కంపెనీల పెద్ద విమానాలపై విడిగా శిక్షణకు మళ్లీ లక్షలు కావాలి. ఏజెంట్లు ఈ మాట చివర్న చెబుతారు.