తెరమీది బాస్కెట్‌బాలు – శిక్షకుని బాధ్యత

ఇటీవల మన విద్యార్థులలో పలువురు బాస్కెట్‌బాలును మైదానమునందే గాక తెరమీద గూడ నాడుచున్నారు. 1999వ సంవత్సరమున మొదలైన ఎన్.బి.ఏ. 2కె వంటి వీడియో ఆటలలో ఆటగాండ్రను పరుగెత్తించుటయే గాక శిక్షకుని పనియు ఆడువాని చేతిలోనే యుండును. ఆట వేగ మెంత, ప్రత్యర్థుల నెంత గట్టిగ నడ్డగింపవలెను, రీబౌండునకు ఎందరు పోవలెను, అలసినవాని నెప్పుడు మార్చవలెను అను వానికి వేర్వేరు అమరికలు గలవు. వీనిలో ననేకములను యంత్రమునకు విడువవచ్చును, తామే నిర్ణయింపనువచ్చును. చదువు చెడునంతగా నాడుటకు మేము సమ్మతింపము. కాని యాడనే యాడుదురేని, ఈ నిర్ణయములను యంత్రమునకు విడువక తామే చేయుట మేలని మా యభిప్రాయము.

ఏలయన, ప్రతి యమరికకును ఒక మూల్యము గలదు. ఐదుగురను రీబౌండునకు బంపినచో, బంతి ప్రత్యర్థికి జిక్కినప్పుడు మన బుట్టను గాచువా డుండడు. మైదానమంతటను వెంటాడి యడ్డగించినచో ఎదుటివారు తొట్రుపడుదురు గాని, మనవారు త్వరగ నలయుదురు, ఫౌలులును పెరుగును. అంతర్జాతీయ నిబంధనల ప్రకారము ఐదు ఫౌలులు చేసినవాడు ఆటనుండి తొలగవలెను. ఎగువ తూమును నిండుగ నెత్తిన దిగువ చేనికి నీరు తగ్గునని మన గోదావరి రైతు లెరుగుదురు. కావున ఒక పర్యాయమున ఒక్క యమరికనే మార్చి, ఫలితమును పరికించి, పిదప వేరొకదానిని ముట్టవలెను. సైన్సు తరగతిలో మనము నేర్చుకొను పద్ధతియు నిదియే గదా!

అయితే తెరకును మైదానమునకును గొప్ప భేదము గలదు. తెరమీద ప్రతి యాటగానికి శక్తి యెంత మిగిలినదో గురుతు గనబడును. యానాములో వేసవి యుక్కలో నాడు బాలునికి అట్టి గురు తుండదు. "అలసితిని" అని చెప్పుకొనుటకు వాడు సిగ్గుపడును. తెరమీది బొమ్మను కూర్చుండబెట్టిన నది చిన్నబుచ్చుకొనదు. ఆటయంతయు బెంచీమీదనే యుంచబడిన బాలుడు తప్పక చిన్నబుచ్చుకొనును. వాని మొగము చూచి కారణము చెప్పవలసిన భారము నిర్ణయించినవానిదే. ఈ భారమును మన పిల్లలు మైదానమునందే నేర్చుకొనవలెను.

1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డున, వై.ఎం.సి.ఏ. శిక్షణ పాఠశాలయందు జేమ్స్ నైస్మిత్ గారు ఈ యాటను కల్పించిరి. వారి 13 నిబంధనలలో శిక్షకుని ప్రసక్తియే లేదు. ఇరుపక్షములు సమానమైనచో, మరియొక గోలు పడువరకు ఆటను సాగించుట నాయకుల యొప్పుదలమీద నాధారపడి యుండెను. అమెరికా కళాశాలల పోటీలలో విరామసమయమున శిక్షకుడు ఆటగాండ్రతో మాటలాడుటకు 1948-49లో గాని యనుమతి రాలేదు.

కాన మా సూచన యిది. మన పాఠశాలలో తరగతుల నడుమ జరుగు పోటీలయందు, విరామసమయములలో వ్యాయామోపాధ్యాయులు మౌనము వహింతురు గాక. వ్యూహమును మార్చుట, ఆటగాండ్రను మార్చుట నాయకునికిని జట్టునకును విడువవలెను. గాయపడినవాని విషయమున మాత్రము ఉపాధ్యాయులే కలుగజేసికొనవలెను. ఇట్లు చేసినచో కొన్ని యాటలు అనవసరముగ నోడుదురని కొంద రనవచ్చును. ఓడుదురు, నిజమే. కాని తరగతి పోటీలో నొక యోటమి స్వల్పనష్టము. తాను చేసిన నిర్ణయమువలన తోడివారికి గలిగిన కష్టమును గుర్తించి, మరుసటి యాటలో దానిని సరిదిద్దుకొను బాలుడు తెరమీద దొరకని విద్యను బడసినవా డగును. పెద్దలు దీనిని రాబోవు క్రీడాకాలమున నొకసారి పరీక్షించి చూతురని కోరుచున్నాము.