మంచు పొద్దున మోటారు సైకిలు

ధనుర్మాసం వచ్చిందంటే మా వీధిని మేల్కొలిపేది కోడి కాదు, ఎదురింటి కుర్రవాడి మోటారు సైకిలు. పదిసార్లు కిక్కు కొడతాడు. అది దగ్గి ఊరుకుంటుంది. ఎట్టకేలకు అంటుకోగానే యాక్సిలరేటరు బిగబట్టి వీధి యావత్తూ దద్దరిల్లేటట్టు మోతెత్తిస్తాడు. “ఏమిటి నాయనా ఈ హోమం?” అన్నాను ఒకనాడు. “ఇంజను వేడెక్కాలి గదండీ మేష్టారూ!” అన్నాడు.

వేడెక్కాలన్న మాట నిజమే. వేడెక్కించే తీరే బాగాలేదు. చలికి నెయ్యి పేరుకొన్నట్టే, రాత్రంతా మంచులో వున్న బండిలో ఆయిలు చిక్కబడుతుంది. అది ఇంజను పైభాగానికి ఎక్కడానికి కాస్త వ్యవధి కావాలి. ఈలోగా మోతెత్తిస్తే ఇనుము ఇనుముతో ఒరుసుకొని అరిగిపోతుంది. చలికి పెట్రోలు కూడా సరిగా ఆవిరి కాదు. అందుకే పాత బండ్లకు చోకు పెట్టారు. దాన్ని లాగితే గాలి తగ్గి పెట్రోలు పాలు హెచ్చుతుంది. ఇంజను కుదుటపడగానే చోకు తీసెయ్యాలి. మరిచిపోతే ప్లగ్గు మసిబారుతుంది. 2020 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్ 6 నియమాలు వచ్చాక తయారైన బండ్లలో చాలావాటికి ఆ బెడద లేదు. పెట్రోలు ఎంత కావాలో అవే చూసుకుంటాయి.

పాతదైనా కొత్తదైనా, అరనిముషమో నిముషమో దాని మానాన దాన్ని తిరగనిస్తే చాలు. తరువాత ఒకటి రెండు కిలోమీటర్లు నిదానంగా నడపాలి. నిద్రలేచిన పసివాణ్ణి బడికి నడిపించుకు వెళ్ళినట్టన్న మాట!

చలికి జడిసి వసారా తలుపులు మూసి, లోపలే బండి స్టార్టు చేసే వారున్నారు. ఆ పని మాత్రం చెయ్యకండి. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ వుంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు చోటు అది ఆక్రమిస్తుంది. తలనొప్పితో మొదలై ప్రాణం మీదికి తెస్తుంది. ముందు బండిని వీధిలోకి తొయ్యండి, తరువాత కిక్కు కొట్టండి.

ఇంజను గొడవ నిముషంతో సరి. రోడ్డు గొడవ అట్లా కాదు.

నా శిష్యుడొకడు ఇరవై కిలోమీటర్ల దూరాన్నించి ఎనిమిది గంటల క్లాసుకు బండి మీద వచ్చేవాడు. బెల్లు కొట్టగానే తలుపు మూసెయ్యడం నా అలవాటు. క్రమశిక్షణ అని నా గర్వం. పుష్యమాసంలో ఒకనాడు తలుపు చప్పుడైంది. తీస్తే, అరచేతులు రెండూ చెక్కుకుపోయి, మోకాలి దగ్గర పంట్లాం చిరిగి, ఎదురుగా వాడు. “గడ్డి మీద జారానండి. అటెండెన్సు వేస్తారాండీ?” అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

తరువాత కూర్చోబెట్టి సంగతంతా అడిగాను. రైతులకు కళ్ళాలు చాలక ధాన్యం రోడ్డు మీదనే ఆరబోస్తారు. మిగిలిన గడ్డి మంచుకు తడిస్తే సబ్బుబిళ్ళతో సమానం. దారి కనబడక వాడు పెద్దలైటు వేశాడట. పెద్దలైటు వెలుగు మంచుకు తగిలి మన కళ్ళలోకే తిరిగి వచ్చి ఎదుట తెల్లగోడ కట్టేస్తుంది. మంచులో డిమ్ములైటే దిక్కు. గడ్డి దగ్గరికి వచ్చాక గాని కనబడలేదు. గాభరాపడి ముందు బ్రేకు గట్టిగా నొక్కాడు. కనబడినంత దూరంలో ఆగగలిగే వేగమే మంచులో వేగం. ఆ ఉదయం వాడికి అంత తీరిక ఏదీ? నా తలుపు మూతపడుతుందే!

మరికొన్ని జాగ్రత్తలు. చలికి టైరులో గాలి తగ్గుతుంది. సుమారు ఐదారు డిగ్రీల చలికి ఒక పౌను చొప్పున దిగుతుంది. బయలుదేరబోయే ముందే చూసుకోవాలి. కొంకర్లుపోయిన వేళ్ళు బ్రేకును సమయానికి పట్టలేవు కనుక చేతికి తొడుగులు వుండాలి. హెల్మెట్టు అద్దానికి ఆవిరి పడితే దాన్ని వేలెడు ఎత్తి వుంచాలి. రొమ్ముకు గాలి కొట్టకుండా చొక్కా లోపల కాగితాలు పెట్టుకోవడం పాత చిట్కా. ఈ పత్రిక అందుకు బాగానే పనికివస్తుంది, చదివిన తరువాత సుమా!

మాఘమాసంలో మాకులు కూడా వణుకుతాయని సామెత. ఆ మాఘం వెళ్ళేదాకా ఇప్పుడు మా క్లాసు తలుపు పావుగంట తెరిచే వుంటుంది. ఆఫీసులో రిజిస్టరు లాక్కునే పెద్దలూ, “ఇంకా ఎక్కడ?” అని దారిలో ఫోను చేసే ఇంటివారూ ఈ రెండు నెలలూ కాస్త ఓర్చుకోండి. బండి మీద వున్నవాణ్ణి తరిమేది తరుచు మనమే.

ఆ కుర్రవాడు ఇప్పుడు ఎనిమిదీ పదికి వస్తున్నాడు. హాజరు వేస్తున్నాను.